పీహెచ్‌డీ సరే, పాఠం చెప్పడం ఎవరు నేర్పుతారు?

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఫిజిక్స్ చెప్పాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు. బీఈడీ చేయాలి. అందులో సైన్సు బోధన పద్ధతులు చదవాలి, లెసన్ ప్లాన్లు రాయాలి, ఏదో ఒక బడికి వెళ్లి టీచింగ్ ప్రాక్టీసు చేయాలి. వెనక బెంచీలో లెక్చరర్ కూర్చుని తప్పులు రాసుకుంటుంటే, గుండె దడదడలాడుతున్నా పాఠం నడపాలి. ఆ తర్వాత టెట్ గట్టెక్కాలి, డీఎస్సీ రాయాలి. ఆ టీచరుకు బీఎస్సీలో అదే ఫిజిక్స్ చెప్పిన లెక్చరర్ ఏం శిక్షణ పొందారు? ఎమ్మెస్సీలో మంచి మార్కులు, ఆపైన నెట్టో సెట్టో పీహెచ్‌డీనో. అంతే. పదమూడేళ్ల పిల్లల ముందు నిలబడటానికి కావలసిన అర్హత, పద్దెనిమిదేళ్లవాళ్ల ముందుకొచ్చేసరికి ఎవరికీ అక్కర్లేకుండా పోయింది.

సైన్సు వాళ్ల విషయంలో ఇది ఇంకాస్త విచిత్రం. ఆర్ట్స్, కామర్స్ అభ్యర్థులు రాసే యూజీసీ నెట్‌లో మొదటి పేపరు అందరికీ ఉమ్మడి. అందులో టీచింగ్ ఆప్టిట్యూడ్ అని ఒక యూనిట్ ఉంటుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, లైఫ్ సైన్సెస్, మ్యాథ్స్ వాళ్లు రాసే సీఎస్‌ఐఆర్ నెట్‌లో ఆ పేపరే లేదు. అక్కడ ‘పార్ట్ ఏ’ అంటే తర్కం, గ్రాఫులు, అంకెల మీద ప్రశ్నలు. రాష్ట్రాలు నిర్వహించే సెట్‌లో మొదటి పేపరు సైన్సు వాళ్లకూ ఉంటుంది, నిజమే. కాకపోతే నాలుగు ఆప్షన్లలో ఒకదాన్ని గుర్తించినంత మాత్రాన అరవై మంది ఉన్న క్లాసును నడపడం వస్తుందని ఆ పేపరు తయారుచేసినవాళ్లు కూడా అనుకోరు.

యూనివర్సిటీల్లో కాబోయే అధ్యాపకుల తొలి పాఠం దాదాపు ఒకేలా మొదలవుతుంది. గైడ్‌కు మీటింగు పడుతుంది. “పదకొండింటి క్లాసు కాస్త ఎంగేజ్ చెయ్యమ్మా” అని స్కాలర్‌కు కబురు వస్తుంది. ఆ అమ్మాయి ల్యాబులో చేస్తున్న పని వదిలేసి తన ఎమ్మెస్సీ నోట్సు తిరగేస్తుంది. ఆ నోట్సు కొన్నేళ్ల కిందట ఇదే గైడ్ బోర్డు మీద రాసింది. ఇప్పుడు అదే వరసలో, అదే వేగంతో మళ్లీ బోర్డెక్కుతుంది. పిల్లలు రాసుకుంటారు. గంట అవుతుంది. పాఠం ఎలా జరిగిందని గైడ్ అడగరు, ఆమె చెప్పదు. సిలబస్ ఎంతవరకు వచ్చిందన్నదే ఇద్దరికీ కావలసిన సంగతి. ఇలాంటి క్లాసులు కొన్ని పదులు అయ్యాక ఆమె బయోడేటాలో టీచింగ్ ఎక్స్‌పీరియన్స్ అనే లైను చేరుతుంది. అనుభవమైతే వచ్చింది గానీ, ఆ అనుభవంలో ఏది మంచో ఏది చెడో చెప్పినవాళ్లు లేరు.

సబ్జెక్టు బాగా వచ్చినవాళ్లకు చెప్పడం దానంతట అదే వస్తుందన్నది పాత వాదన. వినడానికి బాగానే ఉంటుంది. ఆ వాదనను పరీక్షకు పెట్టి చూసినవాళ్లలో ముందు వరసలో ఉన్నది ఫిజిక్స్ ప్రొఫెసర్లే కావడం విశేషం.

ఎరిక్ మజూర్ 1984లో హార్వర్డ్‌లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. విద్యార్థులు ఆయనకు మంచి రేటింగులే ఇచ్చేవారు, కష్టమైన లెక్కలు చకచకా చేసేవారు. తను మంచి టీచరునని ఆయన నమ్మారు. 1990లో, అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ హెస్టెనెస్ బృందం చేసిన పరిశోధన ఆయన కంటపడింది. న్యూటన్ సూత్రాలు చదివిన కాలేజీ విద్యార్థుల్లో చాలామంది, కోర్సు ముగిశాక కూడా, చదవకముందు ఎలా ఆలోచించారో అలాగే ఆలోచిస్తున్నారని ఆ పరిశోధన సారాంశం. మా హార్వర్డ్ పిల్లలు అలా ఉండరులే అనుకుంటూ మజూర్ అదే పరీక్ష పెట్టారు. పేపరు చేతికందగానే ఒక విద్యార్థి లేచి, వీటికి మీరు నేర్పినట్టు జవాబు రాయాలా, నేను మామూలుగా ఆలోచించేట్టు రాయాలా అని అడిగారట. ప్రొఫెసర్‌కు అక్కడే సగం జవాబు దొరికిపోయింది.

ఆ పరీక్షలోని ప్రశ్నల తీరు ఏమిటో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. బంతిని నిట్టనిలువుగా పైకి విసిరారు, అది ఇంకా పైకే వెళుతోంది. చేయి వదిలేశాక దాని మీద పనిచేసే బలాలు ఏవి? గాలి సంగతి పక్కన పెడితే భూమ్యాకర్షణ ఒక్కటే. చాలామంది మాత్రం చేయి ఇచ్చిన బలం బంతిలో ఇంకా మిగిలి ఉందనీ, అది కాస్త కాస్తగా తరిగిపోతోందనీ రాస్తారు. లారీ, కారు ఢీకొంటే ఏది దేని మీద ఎక్కువ బలం చూపుతుంది? ‘చర్యకు ప్రతిచర్య సమానం’ అని హైస్కూలు నుంచి కంఠతా పట్టినవాళ్లే లారీ అని టిక్కు పెడతారు. వీటిలో లెక్క లేదు, ఫార్ములా లేదు. హెస్టెనెస్, ఇద్దరు సహచరులు కలిసి ఇలాంటి ప్రశ్నలతో 1992లో అచ్చేసిన ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీని ఆ తర్వాత ఎన్నో దేశాల్లో వాడారు.

మజూర్ ఇంకో పని కూడా చేశారు. ఒకే పేపరులో కరెంటు సర్క్యూట్ల మీద రెండు ప్రశ్నలు ఇచ్చారు. ఒకటి కిర్కాఫ్ సూత్రాలతో సమీకరణాలు రాసి తేల్చాల్సిన మామూలు లెక్క. రెండోదానిలో ఒక బ్యాటరీ, వరసగా కలిపిన ఒకేరకం బల్బులు మూడు, మూడో బల్బుకు అడ్డంగా స్విచ్ ఉన్న ఒక తీగ. స్విచ్ వేస్తే ఏ బల్బు ఏమవుతుంది? మూడోది ఆరిపోతుంది, మిగతా రెండూ ఇంకా ప్రకాశవంతంగా వెలుగుతాయి. లెక్కను అవలీలగా చేసిన విద్యార్థులు ఎంతోమంది ఈ బల్బుల దగ్గర బోల్తా పడ్డారు. మన ఏ డిగ్రీ కాలేజీ ల్యాబులోనైనా అరగంటలో ఈ ప్రయోగం పెట్టొచ్చు. ముందు జవాబులు రాయించి, తర్వాత స్విచ్ వేస్తే చాలు. సెమిస్టర్‌లో ఫస్ట్ క్లాస్ మార్కులకూ అర్థం కావడానికీ మధ్య ఎంత దూరముందో లెక్చరర్‌కు ఆ పూటే తెలిసిపోతుంది.

1998లో రిచర్డ్ హేక్ అనే భౌతికశాస్త్రవేత్త 62 కోర్సుల్లో 6,542 మంది విద్యార్థుల ఫలితాలను పోల్చి చూశారు. కోర్సుకు ముందు తెలియనిదానిలో కోర్సు చివరికి ఎంత తెలిసిందన్నది ఆయన కొలమానం. మామూలు ఉపన్యాస పద్ధతిలో నడిచిన తరగతుల్లో అది సగటున 0.23. విద్యార్థులు క్లాసులోనే ఆలోచించి, పక్కవాళ్లతో వాదించి, అప్పటికప్పుడు తప్పు దిద్దుకునే తరగతుల్లో 0.48. అంటే ఉపన్యాసం విన్నవాళ్లు కొత్తగా నేర్చుకోవాల్సినదానిలో పావు వంతు కూడా పట్టుకోలేదు. 2014లో అమెరికాలో మరో బృందం సైన్సు, ఇంజినీరింగ్, మ్యాథ్స్ కోర్సుల మీద వచ్చిన 225 అధ్యయనాలను కలిపి పరిశీలిస్తే, ఉపన్యాస తరగతుల్లో ఫెయిలయ్యేవాళ్లు దాదాపు 34 శాతం, విద్యార్థులు చురుగ్గా పాల్గొనే తరగతుల్లో 22 శాతం అని తేలింది.

ఇదంతా పద్ధతుల గురించి. మరి టీచరు శిక్షణకూ దీనికీ సంబంధమేమిటి? ఆ లంకె బయటపడింది కెనడాలో.

కార్ల్ వీమన్ 2001లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఒకరు. బోస్–ఐన్‌స్టీన్ కండెన్సేట్‌ను ల్యాబులో సాధించిన మనిషి. ఆ బహుమతి తర్వాత ఆయన పేరు ఎక్కువగా వినిపించింది సైన్సు బోధన రంగంలోనే. కొలరాడో యూనివర్సిటీలో 2002లో ఆయన మొదలుపెట్టిన ఫెట్ అనే కంప్యూటర్ సిమ్యులేషన్లను ఇప్పుడు తెలుగులో కూడా వాడుకోవచ్చు. 2007లో ఆయన బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. అక్కడ ఇంజినీరింగ్ విద్యార్థుల ఫిజిక్స్ కోర్సులో ఒక ప్రయోగం జరిగింది. రెండు సెక్షన్లు, ఒకదానిలో 267 మంది, రెండోదానిలో 271 మంది. సెమిస్టర్ పన్నెండో వారంలో, విద్యుదయస్కాంత తరంగాల పాఠం. ఒక సెక్షన్‌కు ఏళ్ల అనుభవం ఉండి, విద్యార్థుల మెప్పు పొందిన ప్రొఫెసర్ ఎప్పటిలాగే ఉపన్యాసం ఇచ్చారు. రెండోదానికి పెద్దగా బోధనానుభవం లేని ఒక పోస్ట్‌డాక్ వెళ్లారు. అయితే ఆయన బోధన పరిశోధనలో శిక్షణ పొందినవారు. ముందు రోజు కొద్దిపాటి చదువు, క్లాసులో ప్రశ్నలు, చిన్న చిన్న బృందాల్లో చర్చ, వెంటనే వివరణ. మొత్తం మూడు గంటల బోధన. ఆ తర్వాత రెండు సెక్షన్లకూ ఒకే పరీక్ష పెట్టారు. ప్రొఫెసర్ సెక్షన్ సగటు 41 శాతం. కుర్ర పోస్ట్‌డాక్ సెక్షన్ సగటు 74. ఆ వారం ఆ సెక్షన్లో హాజరు కూడా పెరిగింది. 2011లో ‘సైన్స్’ పత్రికలో ఇది వచ్చాక పెద్ద దుమారమే లేచింది.

విమర్శలు లేకపోలేదు. ఒక్క వారం ప్రయోగం, పైగా పాఠం చెప్పిన వ్యక్తే పరిశోధకుల్లో ఒకరు, కొత్తదనానికి పిల్లలు ఉత్సాహపడి ఉంటారు. ఇవన్నీ ఆలోచించాల్సిన మాటలే. సంవత్సరమంతా అంత తేడా వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయినా ఒక సంగతి మాత్రం తోసిపుచ్చలేం. శిక్షణ ఉన్న కొత్తవాడు అనుభవం ఉన్న పాతవాడిని దాటగలిగాడంటే, బోధన పుట్టుకతో రావాల్సిన విద్య అన్న మాటకు కాలం చెల్లినట్టే. మన దగ్గర ఏ పీహెచ్‌డీ స్కాలర్‌కైనా నేర్పగలిగిన పని అది.

ఏం నేర్పాలన్నది తర్వాతి ప్రశ్న. సాధారణ విద్యాశాస్త్రం కాదు. బ్లూమ్ వర్గీకరణ, పియాజే దశలు రెండు రోజులు వినిపిస్తే కెమిస్ట్రీ స్కాలర్‌కు ఒరిగేదేమీ లేదు. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన లీ షుల్మన్ 1986లోనే ఈ విషయం మీద వేలు పెట్టి చూపించారు. సబ్జెక్టు తెలియడం ఒకటి, బోధన తెలియడం ఒకటి. ఆ సబ్జెక్టులో ఏ భావన దగ్గర ఎవరు ఎలా తడబడతారో, ఏ ఉదాహరణ ఇస్తే ఆ ముడి విడుతుందో తెలియడం వీటికి మించిన మూడో జ్ఞానం. విత్తనం మహావృక్షమైంది, ఆ బరువంతా ఎక్కడి నుంచి వచ్చిందని బీఎస్సీ బోటనీ క్లాసులో అడిగి చూడండి. మట్టిలోంచి అంటారు ఎక్కువమంది. కిరణజన్య సంయోగక్రియ సమీకరణం తప్పు లేకుండా రాసినవాళ్లు కూడా గాలిలోని కార్బన్ డయాక్సైడే ఆ కలపలో ప్రధాన భాగమని ఊహించలేరు. రసాయన సమతాస్థితి రాగానే చర్య ఆగిపోతుందని అనుకునేవాళ్లకైతే లెక్కే లేదు. ఈ తప్పుల చిట్టా ముందే చేతిలో ఉన్న లెక్చరర్ పాఠం వేరు, లేని లెక్చరర్ పాఠం వేరు. ఈ చిట్టా విద్యాశాస్త్ర విభాగం ఇవ్వలేదు. ఫిజిక్స్‌కు ఫిజిక్స్ విభాగంలో, కెమిస్ట్రీకి కెమిస్ట్రీ విభాగంలో తయారు కావాలి.

ప్రాక్టికల్స్ సంగతి ఇంకా ఘోరం. లోలకంతో g విలువ కనుక్కోమంటే మన విద్యార్థుల్లో ఎందరో జవాబు 980 నుంచి వెనక్కి వెళ్లి డోలన కాలాలు రాసుకుంటారు. సీనియర్ రికార్డు చూసి జూనియర్ రికార్డు, దాన్ని చూసి మరో రికార్డు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చిన రోజు వైవాలో రెండు ప్రశ్నలు, సంతకం. 968 వచ్చిన విద్యార్థికి అది తప్పు కాదనీ, ఆ పన్నెండు ఎక్కడ పోయిందో వెతకడమే అసలు సైన్సనీ చెప్పే మనిషి ఆ గదిలో ఉండాలి. ఆ మనిషికి ముందు ఎవరో అలా చెప్పి ఉండాలి కదా!

అమెరికాలో సైన్సు పీహెచ్‌డీకి వెళ్లిన తెలుగు పిల్లలకు ఈ తేడా మొదటి సెమిస్టర్‌లోనే తెలిసొస్తుంది. అక్కడ స్టైపెండ్‌లో చాలా భాగం టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ద్వారా వస్తుంది. ఇక్కడ క్లాసులో నోరు విప్పని టాపర్‌ను అక్కడ ఇంట్రడక్టరీ ల్యాబులో ఇరవై మంది అమెరికన్ పిల్లల ముందు నిలబెడతారు. చాలా యూనివర్సిటీల్లో విదేశీ విద్యార్థుల మాట స్పష్టంగా ఉందో లేదో ముందే పరీక్షిస్తారు. మొదటి నెల నరకంలా ఉన్నా రెండో ఏటికి చాలామంది తేలిగ్గా క్లాసు నడిపేస్తారు. అక్కడా అన్నీ బంగారమేమీ కాదు. ఎన్నో విభాగాలు సెమిస్టర్‌కు ముందు ఒకటి రెండు రోజుల ఓరియెంటేషన్‌తో చేతులు దులుపుకుంటాయి. కానీ దారి వేసినవాళ్లు కొందరున్నారు. కాబోయే అధ్యాపకులను పీహెచ్‌డీ దశలోనే సిద్ధం చేయాలని ప్రిపేరింగ్ ఫ్యూచర్ ఫ్యాకల్టీ అనే కార్యక్రమం 1993లోనే మొదలైంది. 2003లో విస్కాన్సిన్–మాడిసన్ కేంద్రంగా, నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో సర్టిల్ అనే సంస్థ పుట్టింది. మొదట మూడు యూనివర్సిటీలు, ఇప్పుడు కొన్ని పదులు.

సర్టిల్‌లో ఒక ఆలోచన మన స్కాలర్లకు బాగా నప్పుతుంది. బోధనను పరిశోధనలాగే చేయమంటారు వాళ్లు. స్కాలర్ తన క్లాసులో ఒక సమస్య పట్టుకోవాలి. ఉదాహరణకు ఎంట్రోపీ పాఠం తర్వాత కూడా విద్యార్థులు దాన్ని ‘గందరగోళం’ అనే ఒక్క మాట దగ్గరే వదిలేస్తున్నారనుకుందాం. దానికో విరుగుడు ఆలోచించాలి, ముందు ఒక చిన్న పరీక్ష, తర్వాత ఒకటి పెట్టాలి, ఫలితం రాయాలి. ల్యాబులో రోజూ చేసే పనే ఇది. సైన్సు మనిషికి ఇదేమీ కొత్త భాష కాదు. కొలరాడోలో అదే 2003లో మొదలైన లెర్నింగ్ అసిస్టెంట్ పద్ధతి ఇంకో అడుగు కిందికి దిగింది. బాగా చదివే డిగ్రీ విద్యార్థులనే జూనియర్ క్లాసుల్లో సహాయకులుగా పెట్టి, వాళ్లకు వారం వారం బోధన మీద కోర్సు చెబుతారు. అందులోంచి కొందరు టీచర్లయ్యారు.

మన దేశంలో ఈ ఆలోచన లేదనుకుంటే పొరపాటు. స్వయంగా భౌతికశాస్త్రవేత్త అయిన డీఎస్ కొఠారి అధ్యక్షతన 1964–66లో పనిచేసిన కమిషన్, కొత్తగా చేరిన అధ్యాపకులకు ఓరియెంటేషన్ ఉండాలనీ, పెద్ద యూనివర్సిటీల్లో అందుకు స్టాఫ్ కాలేజీలు పెట్టాలనీ సూచించింది. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వచ్చాయి. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల్లోనూ వెలిశాయి. 2015లో హెచ్‌ఆర్‌డీసీలుగా, 2023లో మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్లుగా పేర్లు మారాయి. బోర్డులు రెండుసార్లు మారాయి, లోపల కుర్చీల వరస మారలేదు. ఇవన్నీ ఉద్యోగంలో చేరాకే, అదీ ప్రమోషన్‌కు సర్టిఫికెట్ కావలసినప్పుడు. హాలులో ఫిజిక్స్ మేడం పక్కన చరిత్ర మాస్టారు, ఆయన పక్కన కామర్స్ ఆయన. అందరికీ సరిపడే ఉపన్యాసం అంటే ఎవరికీ పూర్తిగా సరిపడనిదని వేరే చెప్పాలా! మాలవీయ మిషన్ కింద నడుస్తున్న ఆన్‌లైన్ ఓరియెంటేషన్‌లో భారతీయ జ్ఞాన వ్యవస్థలు, విద్యా పాలన, నైపుణ్యాభివృద్ధి వంటి అంశాలున్నాయి. దేని విలువ దానికుంది. బీఎస్సీ రెండో ఏడాదిలో క్వాంటమ్ మెకానిక్స్ మొదటి పాఠం ఎలా మొదలుపెట్టాలో మాత్రం వాటిలో ఎక్కడా దొరకదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా మన దేశంలోనే ఉంది. ప్రొఫెసర్ ఆర్. శ్రీనివాసన్ రూపొందించిన ప్రయోగాల కిట్‌తో, బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ మరో రెండు సైన్సు అకాడమీలతో కలిసి కాలేజీ అధ్యాపకులకు రెండేసి వారాల రిఫ్రెషర్ కోర్సులు నడిపింది. వాటిలో ఉపన్యాసాలకు పెద్ద పీట లేదు. లెక్చరర్లే కూర్చుని వైర్లు కలపాలి, రీడింగులు తీయాలి, తేడా ఎందుకొచ్చిందో తేల్చుకోవాలి. ఎన్నో ఏళ్లుగా పిల్లల చేత ప్రయోగాలు చేయిస్తున్నవాళ్లు మళ్లీ తమ చేతులతో మొదటి నుంచి చేయడమన్నమాట. సబ్జెక్టు లోపలి నుంచి ఇచ్చిన శిక్షణ ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే మంచి నమూనా అక్కర్లేదు. కాకపోతే అదీ ఉద్యోగం వచ్చిన తర్వాతే.

ఉద్యోగం వచ్చాక నేర్పుదాం అనే ఏర్పాటులో పెద్ద బెజ్జం ఉంది. తెలుగు రాష్ట్రాల్లో డిగ్రీ క్లాసుల్లో ఎన్నో పీరియడ్లు గెస్ట్ ఫ్యాకల్టీ, కాంట్రాక్ట్ లెక్చరర్లు, ప్రైవేటు కాలేజీల్లో చాలీచాలని జీతాలకు పనిచేసేవాళ్లు తీసుకుంటున్నారు. ప్రమోషన్ అనే మాటే లేనివాళ్లకు ప్రమోషన్ కోసం పెట్టిన కోర్సు ఎక్కడిది? పైగా ఆంధ్రప్రదేశ్‌లో 2021–22 నుంచి డిగ్రీ మొత్తం ఇంగ్లిష్ మీడియం అయింది. ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చిన పిల్లకు ఇంగ్లిష్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పడం అలవోకగా జరిగే పని కాదు. దాన్ని ఒంటరిగా, ఎవరి సలహా లేకుండా మోస్తున్నది ఈ గెస్ట్ లెక్చరర్లే. వీళ్లలో చాలామందికి జీవితం మొత్తంలో శిక్షణ దొరికే అవకాశం ఒక్కటే, యూనివర్సిటీలో చదువుకుంటున్న ఆ నాలుగైదేళ్లు.

కార్పొరేట్ జూనియర్ కాలేజీలు ఈ విషయంలో కొంత నయం అనిపిస్తాయి. అక్కడ డెమో ఇవ్వకుండా లెక్చరర్ ఉద్యోగం దొరకడం అరుదు. అయితే ఆ డెమోలో చూసేది గొంతు, బోర్డు మీద రాత, వేగం, షార్ట్‌కట్లు. ఎదుట కూర్చున్న విద్యార్థికి ఏం అర్థమైందో కొలవరు. పాఠం అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు ఉండాలన్నది మన పాత మెచ్చుకోలు. పండు ఒలిచేది ఎప్పుడూ లెక్చరరే అయితే విద్యార్థి చేతికి ఆ పని రాదు. 2019లో హార్వర్డ్‌లోనే జరిగిన ఒక అధ్యయనంలో, చురుగ్గా పాల్గొనే క్లాసులో విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు. తాము తక్కువ నేర్చుకున్నామని మాత్రం అనుకున్నారు. సాఫీగా సాగిన ఉపన్యాసం వినగానే అంతా వచ్చేసినట్టు అనిపిస్తుంది మరి. ఫీడ్‌బ్యాక్ ఫారాలను మాత్రమే చూసుకుని మురిసిపోయే కాలేజీలు ఈ సంగతి గమనించాలి. కొత్త పద్ధతి మొదలుపెట్టే కుర్ర లెక్చరర్‌కూ ఇది ముందే తెలిసి ఉండాలి, లేకపోతే మొదటి నెలలోనే డీలా పడిపోతారు.

అసలు విషయానికి వస్తే, ఇందుకు కొత్త చట్టం ఏదీ అక్కర్లేదు. 2020 జాతీయ విద్యా విధానం పీహెచ్‌డీలో చేరే ప్రతి ఒక్కరూ తమ సబ్జెక్టు బోధనకు సంబంధించిన క్రెడిట్ కోర్సు చేయాలంది. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు దాన్నే నియమంగా మార్చాయి. ఏ విభాగమైనా సరే, స్కాలర్లు తమ సబ్జెక్టుకు సంబంధించి బోధనలో గానీ రచనలో గానీ శిక్షణ పొందాలి. ట్యుటోరియళ్లు, ల్యాబు, మూల్యాంకనం కోసం వారానికి 4 నుంచి 6 గంటల పని అప్పగించవచ్చు. ఇక్కడే మెలిక ఉంది. బోధన, విద్య, పెడగాజీ, రచన అనే మాటల మధ్య నిబంధనలో ఏటవాలు గీతలు (/) ఉన్నాయి. పరిశోధన వ్యాసం ఎలా రాయాలో ఒక వర్క్‌షాప్ పెట్టి, నియమం పాటించామని రాసుకునే వీలు ఆ గీతలు ఇచ్చాయి. ట్యుటోరియల్ పని విషయంలోనేమో అప్పగించవచ్చు అన్నారు, అప్పగించాలి అనలేదు. మన వ్యవస్థలో ‘వచ్చు’ అంటే ఏమవుతుందో అందరికీ అనుభవమే.

చేయాలనుకుంటే చేయగలరనడానికి రుజువు దగ్గరలోనే ఉంది. పరిశోధన నైతికత మీద రెండు క్రెడిట్ల కోర్సు తప్పనిసరి అని యూజీసీ 2019లో నిర్ణయించింది. సిలబస్ ఇచ్చింది, గంటలు చెప్పింది, యూనివర్సిటీలు అమలుచేశాయి. బోధనకూ అలాంటి రెండు క్రెడిట్లు ఇస్తే ఆకాశమేమీ విరిగి పడదు.

గైడ్ల అభ్యంతరం ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పేపర్లు రావాలి, ఫెలోషిప్ గడువు అయిపోతోంది, ఈ పాఠాల గొడవేమిటి అంటారు. డేవిడ్ ఫెల్డన్ బృందం 2011లో ‘సైన్స్’ పత్రికలోనే దీనికి జవాబిచ్చింది. 95 మంది పీజీ, పరిశోధక విద్యార్థులను పరిశీలిస్తే, పరిశోధనతో పాటు బోధన కూడా చేసినవాళ్లు పరీక్షించదగ్గ ప్రతిపాదనలు చేయడంలో, ప్రయోగాలను పకడ్బందీగా రూపొందించడంలో పరిశోధన ఒక్కటే చేసినవాళ్ల కంటే ఎక్కువ మెరుగుపడ్డారు. ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పాలని కూర్చుంటే మన ఆలోచనలోని చిల్లులు మనకే కనబడతాయి. స్కాలర్‌ను వారానికి నాలుగు గంటలు ట్యుటోరియల్‌కు పంపితే నష్టపోయేది గైడ్ కాదు.

ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, కాకతీయ వంటి యూనివర్సిటీల సైన్సు విభాగాలు ఒక సెమిస్టర్ కేటాయిస్తే చాలు. స్కాలర్ ముందు కొన్ని వారాలు ఇతరుల క్లాసుల్లో వెనక కూర్చుని, లెక్చరర్‌ను వదిలేసి విద్యార్థులను గమనించాలి. తర్వాత పక్కనున్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఒక బ్యాచ్‌కు ట్యుటోరియల్ తీసుకోవాలి. అక్కడ ఎలాగూ లెక్చరర్ల కొరత ఉంది. పాఠాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, సీనియర్‌తో కలిసి ఒకసారి చూసుకోవాలి. మొదటిసారి తన పాఠం తనే చూసుకోవడం ఎవరికైనా ఇబ్బందిగానే ఉంటుంది, అందుకే అది పనిచేస్తుంది. ప్రశ్నలు తెలుగులో, ఇంగ్లిష్‌లో పక్కపక్కనే ఉండాలి. చివర్లో ఏం నేర్పారో కాకుండా విద్యార్థులు ఏం నేర్చుకున్నారో రెండు పేజీల్లో రాసివ్వాలి. ఈ పనికి గంటకు ఇంత అని డబ్బు కూడా ఇవ్వాలి. ఊరికే చేయించుకున్న పని మొక్కుబడి అయిపోవడం మనకు కొత్త కాదు. ఇలా పోగైన నివేదికల్లో మన విద్యార్థులు ఎక్కడ తడబడతారో తెలిపే చిట్టా తయారవుతుంది. అమెరికా ప్రశ్నాపత్రాలను అరువు తెచ్చుకోవాల్సిన అవసరం కూడా తగ్గుతుంది.

రెండు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్లు ఈ ఏడాది పీహెచ్‌డీ అడ్మిషన్ల నోటిఫికేషన్లు వెలువడేలోగా, నిబంధనలోని ‘అప్పగించవచ్చు’ను తమ పరిధిలో ‘అప్పగించాలి’గా చేస్తూ ఒక ఉమ్మడి సిలబస్ పంపాలి. అది వచ్చేదాకా స్కాలర్లు ఊరుకోనక్కర్లేదు. తర్వాతి డాక్టోరల్ కమిటీ సమావేశంలో కోర్స్‌వర్క్ జాబితా తీసి, బోధన శిక్షణకు తమ విభాగం ఎన్ని గంటలు కేటాయించిందో లిఖితపూర్వకంగా అడగండి. 2022 నుంచి అది మీకు రావలసిందే.